ఒక్క యూనిట్ ధర ఎంత? ఎండకాలం బిల్లుకు లెక్క చెప్పాలె

(తార్నాకలో విద్యార్థులు, ఉద్యోగులు, కిరాయి ఇండ్లవాళ్లు కలిసి పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మనం పెద్ద రాజకీయం మాట్లాడుకోవడానికి రాలేదు. కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుందామని వచ్చినం. 'బిల్లు గురించి మీటింగేంది' అని నవ్వినవాళ్లు కూడ ఉన్నరు. కానీ ఈ గడ్డ మీద కరెంటు బిల్లు ఎప్పుడూ చిన్న ముచ్చట కాలేదు. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీలు తగ్గించుమని అసెంబ్లీకి బయలెల్లినవాళ్ల మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగినయి. రామకృష్ణ, బాలస్వామి, విష్ణువర్ధన్‌రెడ్డి ప్రాణాలిచ్చిండ్రు. అప్పట్ల డిప్యూటీ స్పీకర్‌గా ఉన్న కేసీఆర్ ఆ ఛార్జీల మీదనే ముఖ్యమంత్రికి లేఖ రాసిండు. మరుసటి ఏడు ఏప్రిల్‌ల పదవి వదిలి కొత్త పార్టీ పెట్టిండు. బిల్లు మీద మొదలైన మాట ఎంత దూరం పోయిందో మనకు ఎరుకే.

తార్నాక అంటే తార్‌తోని కట్టిన నాకా అని ఇక్కడి పెద్దలు చెప్తరు. ఆనాటి తార్ కంచె తీగ. ఇయ్యాల మన నెత్తి మీది తార్ కరెంటుది. ఈ తార్ కింద బతికే మనకు నెల నెల వచ్చే కాగితం మీద ఏం రాసి ఉంటదో చదువుకునే సోయి ఉండాలె. అందుకే ఈ సభ.

మా ఇంటి రెండు బిల్లులు

మా ఇంటి లెక్కతోనే మొదలు పెడ్తం. మేం కిరాయికి ఉన్నం. రెండు అర్రలు, వంటిల్లు. ఏసీ లేదు. రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, నీళ్ల మోటరు, ఎండకాలం ఒక కూలర్. సంక్రాంతి నెలల మా మీటరు 96 యూనిట్లు తిరిగింది. ఏప్రిల్ నెలల 213 తిరిగింది. వాడకం రెండింతల కంటె కొద్దిగ ఎక్కువ. మరి బిల్లు?

2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 96 యూనిట్లకు కరెంటు ధర 240 రూపాయల 10 పైసలు. 213 యూనిట్లకు 1,120 రూపాయల 10 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం వేరే. వాడకం రెండింతలైతే బిల్లు నాలుగున్నర రెట్లు దాటింది.

ముందుగాల ఆ 117 యూనిట్లు ఎక్కడికెళ్లి వచ్చినయో చూద్దాం. మనల్ని మనం కూడ అడుగుకోవాలె కదా.

పాత రకం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు గుంజుతది. చలికాలం రాత్రి పూట కూడ ఫ్యాన్ బంద్ చేసి దుప్పటి కప్పుకుంటం. శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోయిందంటే ఫ్యాన్ తిరుగుడు మొదలు. ఒక్కో ఫ్యాన్ రోజుకు 8 గంటలు ఎక్కువ తిరిగిందనుకోండ్రి, రెండు ఫ్యాన్లకు నెలకు 36 యూనిట్లు. కూలర్ 180 వాట్లది, రోజుకు 10 గంటలు నడిస్తె నెలకు 54 యూనిట్లు. ఫ్రిజ్ మన కంటికి కనపడకుండనే ఎక్కువ గుంజుతది. బయట ఎండ 42 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల చల్లగ ఉంచాలంటే దాని కంప్రెసర్ ఆగకుండ నడవాలె. పిల్లలు గడియకోసారి తలుపు తీస్తరు. నెలకు 12 యూనిట్లు అట్ల పెరిగినయి.

ఇగ మోటరు. ఎండకాలం బోర్లల్ల నీళ్లు కిందికి పోతయి. చలికాలం నిండే ట్యాంకు అంత జల్దిన నిండది. ఒక హార్స్‌పవర్ మోటరు అంటే 746 వాట్లు. అది రోజుకు 40 నిమిషాలు ఎక్కువ నడిస్తె నెలకు 15 యూనిట్లు. 36, 54, 12, 15 కలిపితే 117. దొంగ లెక్క లేదు, మీటరు తప్పు లేదు. ఎండ కొట్టింది, మీటరు తిరిగింది.

మరి తప్పు ఎక్కడున్నది? వాడకంల లేదు, ధర కట్టే పద్ధతిల ఉన్నది.

మెట్టు కాదు, గోడ

మన దగ్గర ఇంటి కరెంటుకు శ్లాబులు ఉన్నయి. తక్కువ వాడే ఇంటికి తక్కువ ధర, ఎక్కువ వాడే ఇంటికి ఎక్కువ ధర. ఈ సూత్రం మంచిదే. గుడిసెల ఒక బుగ్గ, ఒక ఫ్యాన్ పెట్టుకున్న మనిషికీ, నాలుగు ఏసీలు పెట్టుకున్న మనిషికీ ఒక్కటే ధర ఉండొద్దు. శ్లాబులే వద్దని మనం అనడం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలె.

కానీ మన శ్లాబులు మూడు డబ్బాలుగ చేసిండ్రు. నెలకు 100 యూనిట్ల లోపు వాడేది ఒక డబ్బా. అందుల మొదటి 50 యూనిట్లు రూ.1.95 చొప్పున, తర్వాతి 50 రూ.3.10 చొప్పున. 100 దాటి 200 లోపు ఉంటే రెండో డబ్బా. అందుల మొదటి 100 యూనిట్లు రూ.3.40, ఆ తర్వాతవి రూ.4.80. 200 దాటితే మూడో డబ్బా. అందుల మొదటి 200 యూనిట్లు రూ.5.10, 300 వరకు రూ.7.70, 400 వరకు రూ.9, 800 వరకు రూ.9.50, ఆ పైన రూ.10. 2025-26 సంవత్సరానికి కూడ ఇంటి కరెంటు యూనిట్ రేట్లు పెంచలేదు.

ఒక డబ్బాల నుంచి ఇంకో డబ్బాలకు పోతే పెరిగిన యూనిట్‌కే కాదు, మొదటి యూనిట్ నుంచి అన్నిటికీ ధర మారుతది. కిటుకంతా ఇక్కడ ఉన్నది. మెట్టు ఎక్కినట్టు కాదు, గోడ గుద్దుకున్నట్టు.

లెక్క రాసుకోండ్రి. 100 యూనిట్లకు ధర రూ.252.50. 101 యూనిట్లకు రూ.344.80. ఆ ఒక్క యూనిట్ ధర 92 రూపాయల 30 పైసలు. ఇంకొంచెం ముందుకు పోదాం. 200 యూనిట్లకు రూ.820. 201 యూనిట్లకు రూ.1,027.70. ఆ ఒక్క యూనిట్ ధర 207 రూపాయల 70 పైసలు. ఈ నగరంల ఏ ఐదు నక్షత్రాల హోటల్ కూడ ఒక యూనిట్ కరెంటుకు అంత కట్టదు. తార్నాకల కూలర్ పెట్టుకున్న గుమస్తా కడ్తడు.

ఇగ గృహజ్యోతి. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇండ్లకు నెలకు 200 యూనిట్ల దాక జీరో బిల్లు వస్తున్నది. లక్షల ఇండ్లకు ఇది మేలు చేసింది. కాదంటే అబద్ధం అయితది. కానీ అక్కడ కూడ 201 కాడ గోడ ఉన్నది. ఫిబ్రవరిల 140 యూనిట్లు కాల్చి సున్న కట్టిన ఇల్లు, మేల 201 కాలిస్తె మొదటి యూనిట్ నుంచి మొత్తం కట్టాలె. కరెంటు ధరనే రూ.1,027.70, పైన మిగిలిన ఛార్జీలు. అంటే ఆ ఇంటికి ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైన.

ఆ యూనిట్ ఎవరు కాల్చిండ్రు? రోహిణి కార్తెల రాత్రి పన్నెండు గంటలకు ఉక్కకు పసిపిల్ల ఏడిస్తె కూలర్ బంద్ చెయ్యని తల్లి కాల్చింది. రేకుల ఇంట్ల ఉన్న ముసలామె కాల్చింది. రేకు పొద్దంత ఎండను పీల్చి రాత్రి ఇంట్లకు వదులుతది. స్లాబు ఇంట్ల ఉన్నోళ్లకు ఒక ఫ్యాన్ సరిపోయే రాత్రి, రేకుల ఇంట్ల రెండు ఫ్యాన్లు పెట్టినా నిద్ర రాదు. ఇల్లు ఎంత పేదదైతే ఎండకాలం కరెంటు అంత ఎక్కువ కావాలె. పేదోడు తక్కువ వాడ్తడు అనే సూత్రం చలికాలం నిజం. ఎండకాలం సగం అబద్ధం.

ఒక మీటరు, మూడు సంసారాలు

ఇప్పుడు క్యాంపస్ చుట్టు ముచ్చట. సీతాఫల్‌మండి, మాణికేశ్వరినగర్, అడిక్‌మెట్, హబ్సిగూడ, తార్నాక గల్లీలు. హాస్టల్ల సీటు దొరకని పిల్లలు, చదువు అయిపోయినా నోటిఫికేషన్ కోసం పుస్తకాలు ముందేసుకుని కూసున్న పిల్లలు నలుగురైదుగురు కలిసి ఒక అర్ర తీసుకుంటరు. పోర్షన్లు మూడు, మీటరు ఒక్కటి. ఓనర్ లోపల సబ్‌మీటర్ పెడ్తడు. యూనిట్‌కు ఎనిమిది అంటడు, పది అంటడు. అడిగితే 'నాకు వచ్చిన బిల్లే అంత, నేనేం చెయ్యాలె' అంటడు. మేం కూడ చదువుకునే రోజుల్ల అట్లాంటి అర్రల్ల ఉన్నోళ్లమే. ఆ ఓనర్ పేరు ఇప్పుడెందుకు గానీ, ఆయన చెప్పింది సగం నిజమే అని లెక్క చేసినాక తెలిసింది.

ఒక్కో పోర్షన్ 90 యూనిట్లు కాల్చిందనుకోండ్రి. వేరే వేరే మీటర్లు ఉంటే ఒక్కో పోర్షన్‌కు కరెంటు ధర రూ.221.50. మూడింటికి కలిపి రూ.664.50. ఒక్క మీటరు మీద అదే 270 యూనిట్లు అయితది, మూడో డబ్బాల పడ్తది, ధర రూ.1,559. వాడింది ఒక్కటే కరెంటు. తేడా 894 రూపాయల 50 పైసలు. ఇది ఓనర్ జేబులకు పోలేదు. పేద పిల్లలు ముగ్గురు కలిసి పెద్ద ఇంటి ధర కట్టిండ్రు. ఆ మీద ఓనర్ గుండు గుత్తగ పది రూపాయలు గుంజిండంటే అది ఇంకో దోపిడి.

గృహజ్యోతి కిరాయివాళ్లకు కూడ వర్తిస్తదని చెప్పిండ్రు. కానీ దానికి రేషన్ కార్డు కావాలె, ఇంటికో కనెక్షన్ కావాలె. ఆదిలాబాద్ నుంచి, పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే పిల్లకు కార్డు ఊరిల ఉంటది. ఇక్కడ మీటరు ఓనర్ పేరు మీద ఉంటది. ఊరిల అమ్మానాయిన ఇంటికి జీరో బిల్లు, ఇక్కడ బిడ్డ అర్రకు యూనిట్‌కు పది రూపాయలు. ఒక్క సంసారమే, రెండు తీర్ల కరెంటు.

2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ చూడండ్రి. కనెక్షన్ కోసం దరఖాస్తు పెట్టే హక్కు ఇంటి యజమానికే కాదు, ఆ ఇంట్ల ఉంటున్నవాళ్లకు కూడ ఉన్నది. చట్టంల ఉన్నది గానీ కిరాయికి ఉన్నోడు పోయి దరఖాస్తు పెడితే ముందుగాల అడిగేది ఓనర్ కాగితమే. ఆ కాగితం అడిగితే అర్ర ఖాళీ చెయ్యుమంటడు. అందుకే ఈ ముచ్చట ఒక్కరొక్కరు పోయి అడిగేది కాదు.

చీకటి అయితదని బెదిరించిండ్రు

ఎండకాలం అంటే మనకు ఇంకో గుర్తు కూడ ఉన్నది. కోతలు. ఉమ్మడి రాష్ట్రంల బిల్లు ఎక్కువ వచ్చేది అనే మాట కంటే కరెంటే రాకపోయేది అన్న మాట ఎక్కువ వినపడేది. మన దగ్గర కాల్వలు లేవు, బాయి, బోరు, మోటరే దిక్కు. మోటరు నడవాలంటే కరెంటు కావాలె. అది వచ్చేది అర్ధరాత్రి. స్టార్టర్ పెట్టబోయి షాక్ కొట్టి, పాము కుట్టి రైతులు పోయిన ఊర్లు ఎన్ని ఉన్నయో మీకు తెలుసు. సింగరేణి బొగ్గు మనది, ఆ బొగ్గు కాలి విజయవాడ కాడ కరెంటు పుట్టేది.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైనప్పుడు సింగరేణి కార్మికులు గనులల్లకు దిగలేదు. బొగ్గు ఆగింది. కరెంటు తయారీ పడిపోయింది. రాష్ట్రం మొత్తానికి కోతలు వచ్చినయి. వెలుగు ఎక్కడి నుంచి వస్తున్నదో చూడనోళ్లకు ఆ రోజు తెలిసింది. మేం అప్పుడు ఆర్ట్స్ కాలేజీ ముందర ఉన్నోళ్లం. చీకట్ల కూసున్నా ఎవ్వరూ బాధ పడలేదు. అది మన చీకటి, మనం తెచ్చుకున్న చీకటి.

రాష్ట్రం వస్తే తెలంగాణ చీకట్ల మునుగుతదని బెదిరించినోళ్లు కూడ ఉన్నరు. 2014ల విభజన అప్పుడు కరెంటు పంపకం వాడకం లెక్కన చేసిండ్రు, తెలంగాణకు 53.89 శాతం వచ్చింది. మొదటి ఎండకాలాలు బయట నుంచి కొనుక్కుంట గడిచినయి. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నమని ప్రకటించిండ్రు. 2023 మార్చిల రాష్ట్రం డిమాండ్ 15 వేల మెగావాట్లు దాటింది. బెదిరింపు అబద్ధం అయింది.

ఇక్కడ ఒక విషయం గమనించండ్రి. రాష్ట్రానికి ఒక ఎండకాలం, నగరానికి ఒక ఎండకాలం ఉన్నది. రాష్ట్రం మొత్తంల డిమాండ్ ఎక్కువ అయ్యేది మార్చిల, యాసంగి వరికి మోటర్లన్నీ ఒక్కసారి నడిచినప్పుడు. నగరంల ఎక్కువ అయ్యేది ఏప్రిల్, మేల, ఏసీలు నడిచినప్పుడు. 2024 ఎండకాలం ఒక్క హైదరాబాద్ నగర డిమాండే 4 వేల మెగావాట్లు దాటింది. ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ గుంజుతది. రోజుకు ఆరు గంటలు అంటే నెలకు 180 యూనిట్లు. ఫిబ్రవరిల 150 కాల్చి 580 రూపాయల ధర కట్టిన ఉద్యోగి ఇల్లు, ఏప్రిల్‌ల 330 కాల్చి 2,060 కడ్తది.

అందుకే డిస్కంలు చెప్పే మాట కూడ వినాలె. ఎండకాలం గిరాకీ ఎక్కువ ఉన్నప్పుడు బయట మార్కెట్ల కరెంటు కొనుడు పిరం. ట్రాన్స్‌ఫార్మర్లు, తీగలు ఆ రెండు నెలల లోడుకు సరిపడ వెయ్యాలె, మిగిలిన పది నెలలు అవి సగం ఖాళీగ ఉంటయి. ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలె. నిజమే. కానీ ఆ ఖర్చు నాలుగు ఏసీలు ఉన్న బంగ్లా మీద పడాలె గానీ, 201వ యూనిట్ కాడ నిలబడ్డ కూలర్ మీద పడొద్దు.

లాక్‌డౌన్ నేర్పిన లెక్క

2020 ఎండకాలం యాది చేసుకోండ్రి. కరోనాతో రీడింగులు ఆగినయి. ముందటి ఏడు అదే నెలకు ఎంత కట్టిండ్రో అంత కట్టుమన్నరు. జూన్‌ల రీడింగ్ తీసి మూడు నెలల బిల్లు ఒక్కసారి చేతిల పెట్టిండ్రు. అందరూ ఇంట్లనే ఉన్న ఎండకాలం అది. పనులు లేవు, జీతాలు సగం. బిల్లు చూసి జనం గుండెలు బాదుకున్నరు. వాయిదాల మీద కట్టుకోండ్రి అన్నరు.

ఆ రోజు డిస్కంలు చెప్పిన లెక్క ఏంది? మూడు నెలల యూనిట్లను మూడుతో భాగించి, నెల సగటు తీసి శ్లాబు వేసినం అన్నరు. దీంతోని కొందరికి నష్టం, కొందరికి లాభం. అప్పటి రేట్లతోని చేద్దాం. మార్చి 80, ఏప్రిల్ 130, మే 180 కాల్చిన ఇంటికి నెల నెల వేస్తె మొత్తం రూ.1,283.50. సగటు తీస్తె నెలకు 130 చొప్పున రూ.1,377. రూ.93.50 నష్టం. మార్చిల వాళ్లకు రావాల్సిన చౌక ధర పోయింది. అదే 170, 190, 225 కాల్చిన ఇంటికి నెల నెల వేస్తె రూ.2,528. సగటు తీస్తె 195 చొప్పున రూ.2,215.50. రూ.312.50 లాభం. మేల గోడ గుద్దుకోకుండ బయటపడ్డరు.

దీంట్ల మనకు దొరికిన పాఠం ఏందంటే, నెలకు బదులు ఎక్కువ కాలం లెక్క తీసుడు డిస్కంకు చేతనైతది. సాఫ్ట్‌వేర్ ఉన్నది, పద్ధతి ఉన్నది. కావాల్సి వచ్చినప్పుడు చేసిండ్రు కూడ. మరి మనకు కావాల్సి వచ్చినప్పుడు ఎందుకు చెయ్యరు? ఏడాదికి 2,400 యూనిట్ల లోపు కాల్చిన ఇల్లు నెలకు సగటున 200 లోపుదే కదా. చలికాలం 110 కాల్చి పొదుపు చేసిన ఇంటికి ఆ మిగిలిన 90 యూనిట్లు ఎండకాలానికి ఎందుకు కలవొద్దు? ఏడాది సగటు తీసినప్పుడు ఏ ఇంటికీ నెల నెల లెక్క కంటె ఎక్కువ పడకుండ చూసుకోవాలె, అంతే.

ఇది గాలిల మాట కాదు. పక్క రాష్ట్రాలు చూడండ్రి. ఆంధ్రప్రదేశ్‌ల కొన్నేండ్లు ముందటి ఏడాది మొత్తం వాడకాన్ని బట్టి ఇండ్లను మూడు గ్రూపులు చేసిండ్రు, ఏడాదికి 900 యూనిట్ల లోపు, 2,700 లోపు, ఆ పైన అని. 2022ల ఆ గ్రూపులు తీసేసి, అందరికీ మెట్టు మెట్టుగ ఎక్కే ఒకే శ్లాబు పద్ధతి పెట్టిండ్రు. రేట్లు అక్కడ తక్కువేం కావు, అది వేరే ముచ్చట. కానీ కింది యూనిట్ల ధర పైకి పోయినా మారదు, గోడ లేదు. కర్ణాటకల 2023ల పెట్టిన గృహజ్యోతికి ముందటి ఏడాది సగటు మీద పది శాతం కలిపి హద్దు పెట్టిండ్రు. ఆ హద్దు దాటి 200 లోపు ఉంటే, దాటిన యూనిట్లకే పైసలు. 200 దాటితే అక్కడ కూడ మొత్తం కట్టాలె. ఏ పద్ధతీ పూర్తిగ మంచిది కాదు. కానీ ఏడాది లెక్క చూసే దారి ఉన్నదని అవి చెప్తున్నయి.

హాస్టల్ గది నుంచి

2024 ఏప్రిల్ చివర మన వర్సిటీ హాస్టళ్ల ముచ్చట అందరికీ ఎరుకే. మే నెల సెలవులకు హాస్టళ్లు, మెస్సులు మూస్తున్నరని నోటీసు వచ్చింది. నీళ్ల కొరత, కరెంటు కొరత అన్న మాటలు అందుల ఉన్నయని గొడవ లేచింది. పిల్లలు రోడ్డెక్కిండ్రు. నోటీసు అసలుదా నకలుదా అని పార్టీలు కొట్లాడుకున్నయి, కేసులయినయి. టీవీలు వారం రోజులు నడుపుకున్నయి. కానీ మేల హాస్టల్ మూస్తె పరీక్షలకు చదువుకునే పిల్లలు ఎక్కడ ఉండాలె, ఏ అర్రకు పోవాలె, అక్కడ యూనిట్‌కు ఎంత కట్టాలె అన్న ప్రశ్న అడిగినోడు లేడు. హాస్టల్ తలుపు మూసిన రోజే ఆ పిల్లల కరెంటు బిల్లు మొదలైతది. ఉద్యోగ పరీక్షకు చదివే పిల్లకు ఎండకాలం రాత్రి ఫ్యాన్ కింద నాలుగు గంటలు ఎక్కువ కూసునుడు అంటే అది సోకు కాదు, చదువు.

ఇంకొకటి. మే నెలల కాల్చిన కరెంటుకు బిల్లు వచ్చేది జూన్‌ల. జూన్ అంటే పిల్లల బడి ఫీజు, పుస్తకాలు, బట్టలు. మృగశిర వచ్చి మబ్బు పట్టి వాన పడ్తది, ఒళ్లు చల్లబడ్తది. అప్పుడు వస్తది ఎండకాలం బిల్లు. జీతగాని ఇంట్ల ఏడాదిల కష్టమైన నెల అదే.

మనం చేసుకునేది, మనం అడిగేది

ముందుగాల మన చేతిల ఉన్న పని. బిల్లు మీద పోయినసారి రీడింగ్ తేదీ, ఈసారి తేదీ ఉంటయి. మధ్యల ఎన్ని రోజులో లెక్కపెట్టండ్రి. 35 రోజుల యూనిట్లు నెల యూనిట్లని వేస్తె 200 లోపు ఉన్న ఇల్లు ఊరికే 200 దాటుతది. రోజుల లెక్కకు సర్ది శ్లాబు వెయ్యాలె. వేసిండ్రో లేదో అడగండ్రి. ప్రతి ఆదివారం మీటరు నంబర్ ఒక కాగితం మీద రాసుకోండ్రి. నెల సగంల 110 దాటితే అప్పుడే తెలుస్తది, బిల్లు వచ్చినాక కాదు.

ఫ్యాన్ మార్చే స్థోమత ఉంటే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో తిరుగుతది. పాతది రోజుకు 12 గంటలకు నెలకు 27 యూనిట్లు కాలిస్తె, ఇది 11 కాలుస్తది. మూడు ఫ్యాన్లు మారిస్తె నెలకు 48 యూనిట్లు మిగులుతయి. 201 కాడ ఉన్న ఇంటికి అది మంచి ఆదా. ఏసీ ఉన్నోళ్లు 24 డిగ్రీల కాడ పెట్టి ఫ్యాన్ తోడు వేసుకోండ్రి.

బిల్లు మీద అనుమానం ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండ్రి. మీటరు మీద అనుమానం ఉంటే పరీక్ష చెయ్యుమని రాసివ్వండ్రి. అక్కడ తెగకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉన్నది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నడు. బాకీ ఉన్నదని వచ్చి ఫ్యూజు పీకుతం అంటే 56వ సెక్షన్ చూపియ్యండ్రి. పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగ నోటీసు ఇయ్యకుండ పీకొద్దు.

ఇగ మనం అడిగేది నాలుగు ముచ్చట్లు. ఒకటి, డబ్బాల గోడ తీసెయ్యాలె. పెరిగిన యూనిట్‌కు పెరిగిన ధర, కింది యూనిట్లకు కింది ధర. రెండు, ఉచితమైనా శ్లాబైనా ఏడాది సగటు లెక్క కట్టాలె, కనీసం మార్చి నుంచి జూన్ దాకనన్న హద్దు పెంచాలె. మూడు, కిరాయి ఇండ్లకు వేరే మీటర్లు ఇచ్చే పద్ధతి సులువు చెయ్యాలె. అప్పటి దాక ఒక మీటరు మీద ఎన్ని సంసారాలు ఉన్నయో రాసుకుని శ్లాబు పంచాలె. నాలుగు, ఊరిల కార్డు ఉన్న విద్యార్థికి ఇక్కడ అర్ర మీటరుకు లాభం అందే తొవ్వ చూడాలె.

వీటిని ఎక్కడ అడగాలె? ధర్నా చౌక్ ఒక్కటే జాగ కాదు. రేట్లు పెట్టేది విద్యుత్ నియంత్రణ మండలి. డిస్కంలు ఏటా వచ్చే ఏడాది ఆదాయ, ఖర్చుల లెక్క, రేట్ల ప్రతిపాదన మండలి ముందర పెడ్తయి. పేపర్ల ప్రకటన ఇస్తరు. అభ్యంతరం ఎవరన్న రాసి ఇయ్యొచ్చు, బహిరంగ విచారణల నిలబడి మాట్లాడొచ్చు. వకీలు అవసరం లేదు. ఆ విచారణలకు పరిశ్రమలవాళ్లు వకీళ్లతో వస్తరు, రైతు సంఘాలవాళ్లు వస్తరు. కిరాయి అర్రల పిల్లల గురించి మాట్లాడేటోడు మాత్రం కనపడడు. మన కుర్చీ ఖాళీగ ఉంటే మన పేరు మీద ఇంకొకడు మాట్లాడ్తడు. ఈ ముచ్చట మనకు ఉద్యమమే నేర్పింది.

అందుకే ఒక్క పని చేద్దాం. ఈ హాలుల ఉన్న ప్రతి ఒక్కరు మీ ఇంటివి రెండు బిల్లులు, జనవరిది ఒకటి, మేది ఒకటి నకలు తీసి తెచ్చియ్యండ్రి. కిరాయి అర్రలవాళ్లు సబ్‌మీటర్ లెక్క చీటీ ఉంటే అది కూడ తెండ్రి. పేరు అవసరం లేదు. వంద ఇండ్ల రెండేసి బిల్లులు పక్క పక్కన పెట్టి, మా లెక్క చూడండ్రి సారూ అని మండలి ముందర పెడ్దాం. అరుపులకు జవాబు ఇయ్యకుండ తప్పించుకోవచ్చు. లెక్కకు జవాబు ఇయ్యాలె.

ఇరవై ఐదేండ్ల కింద బషీర్‌బాగ్ కాడ జనం అడిగింది కూడ లెక్కనే. ఆనాడు జవాబుగ తూటాలు వచ్చినయి. ఇయ్యాల మన రాష్ట్రం మనకు ఉన్నది. మన రాష్ట్రంల మనం అడిగితే జవాబు కాగితం మీద రావాలె. అది వచ్చేదాక అడుగుదాం.